పడుకున్న ఆవు

‘కాస్త డబ్బు అవసరం’ అనగానే దిద్దే పెద్దమనుషులు కొందరుంటారు. ‘అవసరమంటే సమయం, సందర్భం అండీ. ఆవశ్యకత అనాలి’ అంటారు. సంస్కృతం వరకూ ఆ మాట నిజమే. హిందీలో ఇప్పటికీ అవసర్ అంటే అవకాశమే. కానీ తెలుగులో అప్పు అడిగేవాడి అవసరమేమిటో ఇచ్చేవాడికి నిఘంటువు చూడకుండానే తెలుస్తుంది.

చిత్రమేమిటంటే, ఆ పెద్దమనిషి ఇంట్లో వేరుశనగ నూనెలో గారెలు వేగుతుంటే మాత్రం నోరు మెదపడు. నూనె అంటే నువ్వుల నెయ్యి కదా! తమిళుల ఎణ్ణెయ్ కూడా అంతే, ఎళ్ అంటే నువ్వులే. సంస్కృతంలో తైలమూ తిలల నుంచి వచ్చిందే. మూడు భాషలూ నువ్వుల నుంచి పిండిన మాటను కొబ్బరికీ ఆవాలకీ వేపగింజలకీ నిస్సంకోచంగా ఇచ్చేశాయి. కొబ్బరినూనె తప్పని ఎవరూ అనరు. వ్యుత్పత్తి మీద భక్తి ఎదుటివాణ్ణి దిద్దాలనిపించినప్పుడే పుట్టుకొస్తుందేమోనని నా అనుమానం.

ఈ తగువు మన ఆలంకారికులు ఎప్పుడో పడ్డారు. కుశలుడంటే, పుట్టుకను బట్టి, కుశలు అంటే దర్భలు కోసి తెచ్చేవాడు. దర్భ అంచు పదును. చెయ్యి తెగకుండా కొయ్యాలంటే నేర్పు కావాలి. అందుకే ‘పనిలో కుశలుడు’ అంటే నేర్పరి అనేది ముఖ్యార్థం కాదు, దాని మీదుగా వచ్చే లక్ష్యార్థమని 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో అన్నాడు. 14వ శతాబ్దంలో సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథుడు ఒప్పుకోలేదు. మాట పుట్టడానికి కారణం వేరు, వాడుకలో అది చెల్లడానికి కారణం వేరన్నాడు. కాదంటే ‘గోవు పడుకుంది’ అన్నా చిక్కేనట. గోశబ్దం ‘వెళ్ళడం’ అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది మరి. నడుస్తున్నంతసేపే ఆవు ఆవు కావాలి! ఇంత గట్టి జవాబును ఇంత తేలిగ్గా చెప్పడం నాకు భలే నచ్చింది.

అలాగని వ్యుత్పత్తులు వద్దనను. నాకవి మంచి కాలక్షేపం. గవేషణ అంటే మొదట్లో ఆవుల కోసం వెతకడమని తెలిశాక పీహెచ్‌డీ విద్యార్థుల మీద జాలీ గౌరవమూ రెండూ పెరిగాయి. అయితే ఆ ముచ్చటను తీర్పుగా మార్చి, నోరు తెరిచినవాడి మీద విసరడమే నాకు నచ్చదు. పాత అర్థమే అసలు అర్థమని పట్టుబడితే చట్టమూ తలకిందులవుతుంది. ధర్మశాస్త్రాల్లో సాహసమంటే బలప్రయోగంతో చేసే నేరం, దానికి దండన ఉండేది. ఇవాళ సాహసం చేసిన పిల్లలకు మనం పురస్కారాలిస్తున్నాం.