ఆకాశమున కావలి

ఇంగ్లండుకును ఫ్రాన్సుకును నడుమనున్న సముద్రము డోవరు పట్టణము వద్ద 21 మైళ్ల వెడల్పు మాత్రమే గలది. ఆకాశము నిర్మలముగా నున్న దినమున ఒక గట్టున నిలిచినవానికి ఆవలి గట్టు కనబడును. శతాబ్దముల తరబడి ఆ నీటిపాయయే బ్రిటను ద్వీపమునకు కోటగోడయు, కందకమును అయి యుండెను. కాని 1940 జూనులో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయిన పిమ్మట ఆ కందకమును నమ్ముకొని నిశ్చింతగా నుండుట ఎవరికిని సాధ్యము కాలేదు. జూలై 16వ తేదీన హిట్లరు బ్రిటనుపై సేనలను దింపుటకు సన్నాహములు చేయవలసినదని ఆజ్ఞ యిచ్చెను. ఐతే సేనలతో నిండిన పడవలు సముద్రము దాటవలెనన్నచో, ముందుగా దానిపైనున్న ఆకాశము జర్మనుల వశము కావలెను. లేనిచో బ్రిటిషు విమానములును, యుద్ధనౌకలును ఆ పడవలను దరి చేరనీయవు. ఇట్లు ఆ వేసవిలో ఒక దేశపు భవితవ్యము సుమారు 3,000 మంది యువకుల చేతులలో పడెను. వారిలో పెక్కుమంది ఇరువది, ఇరువది రెండేండ్లవారు. అంతకంటె చిన్నవారును లేకపోలేదు.

ఈ యుద్ధమును గూర్చి చెప్పువారు సాధారణముగా గగనమున జరిగిన పోరాటములనే వర్ణింతురు. కాని అందు పాల్గొని బ్రతికి బయటపడిన పలువురు, అన్నిటికంటె దుర్భరమైనది పోరాటము కాదు, నేలపై ఎదురుచూచుట అని చెప్పిరి. తెల్లవారకమునుపే వారిని లేపెడివారు. ఇంత టీ త్రాగి, చీకటిలోనే విమానముల కడకు పోయి, తమ సామగ్రిని సరిచూచుకొని, ప్రక్కనున్న కొయ్యగది ముందు పచ్చికలో కుర్చీలు వేసికొని కూర్చుండెడివారు. నీటిలో పడినచో తేల్చునట్టి పసుపుపచ్చని చొక్కా అప్పటికే మేనిపై నుండెడిది. కొందరు చదరంగమాడెడివారు, కొందరు పేకాడెడివారు, కొందరు కునుకు తీసెడివారు. పుస్తకము చేతబట్టినవాడు పుటలు త్రిప్పెడివాడే కాని చదివినది తల కెక్కెడిది కాదు. అందరి చెవులును గదిలోనున్న టెలిఫోను మీదనే. అది మ్రోగినంతనే కడుపులో దేవినట్లయ్యెడిది. తీరా చూచిన ఆ పిలుపు ఏ ఫలహారపు సంగతి చెప్పుటకో అయి యుండెడిది. అప్పటికే ఎవడో గది వెనుకకు పోయి వాంతి చేసికొనుచుండెడివాడు. యుద్ధము ముగిసిన ఎన్నో యేండ్లకు గూడ, తమ యింట టెలిఫోను మ్రోగినప్పుడు ఉలికిపడిన వారు కలరు.

ఆ గంట ఊరక మ్రోగునది కాదు. దాని వెనుక గొప్ప యంత్రాంగ మొకటి పని చేయుచుండెను. దక్షిణపు తీరము పొడవునను, తూర్పు తీరము పొడవునను ఎత్తైన ఇనుప స్తంభములు నిలిపియుండిరి. అవి రాడారు స్తంభములు. జర్మను విమానములు ఫ్రాన్సుపై గుమిగూడుచుండగనే వాని జాడను అవి పసిగట్టెడివి. తీరము దాటి లోపలికి వచ్చిన విమానములను దుర్భిణులతో చూచి లెక్కించుటకు స్వచ్ఛంద పరిశీలకులు ఉండిరి. ఈ సమాచారమంతయు భూగర్భ గృహములలోనికి చేరగా, అచ్చట యువతులు ఒక పెద్ద పటముచుట్టు నిలిచి, పొడుగాటి కఱ్ఱలతో గుర్తుబిళ్లలను జరుపుచు, శత్రువు ఎచ్చటనున్నది అధికారులకు చూపెడివారు. విమానములు ఊరక ఆకాశమున తిరుగాడి పెట్రోలు వ్యర్థము చేయ నక్కరలేక, శత్రువు వచ్చుచోటికే నేరుగా పోగలిగినది ఇందువలననే. ఈ ఏర్పాటును తీర్చిదిద్దినవాడు హ్యూ డౌడింగు. మితభాషి, నలుగురిలో కలియనివాడు. ఫ్రాన్సు కూలిపోవుచున్న దినములలో, అచ్చటికి ఇంకను విమానములను పంపినచో స్వదేశమును కాపాడుకొన జాలమని ప్రభుత్వమునకు నిర్మొగమాటముగా వ్రాసినవాడు ఆయనయే. ఆయన వలన ద్వీపము దక్కెనని పలువు రొప్పుకొందురు. ఐనను ఆ నవంబరులోనే ఆయనను ఆ పదవినుండి తప్పించిరి.

పిలుపు నిజమైనదైనచో కుర్చీలు తలక్రిందులగునట్లు అందరును విమానములకై పరుగెత్తెడివారు. కొలది నిమిషములలో దళమంతయు గాలిలో నుండెడిది. హరికేను, స్పిట్‌ఫైరు అను ఆ విమానముల రెక్కలలో ఎనిమిది మరతుపాకులు ఉండెడివి. వినుటకు ఘనముగనే యుండును గాని, వానిలోని తూటాలు సుమారు 15 సెకనులు కాల్చుటకు మాత్రమే చాలును. అటుపిమ్మట ఎంతటి వీరుడైనను దిగి రావలసినదే. శత్రువు సూర్యుని చాటుననుండి దూకుట వాడుక. కావున మెడ నిలుపక నలుదిక్కులును వెదకుచునే యుండవలెను. ఆ వైమానికులు మెడకు పట్టుగుడ్డ కట్టుకొనుట విలాసమునకు కాదు, మెడ ఒరసికొని పుండు పడకుండుటకే.

ఎదుటివారి పాట్లును తక్కువైనవి కావు. జర్మనుల మెసర్‌ష్మిట్ 109 విమానము లండను వఱకు వచ్చినచో అచ్చట పోరాడుటకు దాని పెట్రోలు పది నిమిషములకంటె మించి చాలెడిది కాదు. తిరుగుదారిలో సముద్రముపై నుండగా పెట్రోలు తరిగినదని తెలుపు ఎఱ్ఱదీపము వెలిగిన కుఱ్ఱవాని గుండె ఎట్లు కొట్టుకొనునో ఊహింపవచ్చును. వారిలో ఎందరో ఒడ్డు కనుచూపు మేరలో నుండగనే నీట మునిగిరి.

ఆగస్టు 16వ తేదీన సౌథాంప్టను నగరము పైని ఆకాశమున జేమ్స్ నికల్సను అను 23 ఏండ్ల వైమానికుని హరికేనును శత్రువు గుండ్లు తాకినవి. ఒక గాయమువలన రక్తము కంటిలోనికి కారుచుండెను, పాదమునకు దెబ్బ తగిలెను. ఎదుటనున్న పెట్రోలు తొట్టి అంటుకొని మంటలు లేచినవి. పారాచూటుతో దూకుటకు అతడు సిద్ధపడుచుండగా శత్రువిమాన మొకటి అతని ముందునకు వచ్చెను. నికల్సను తిరిగి తన స్థానమున కూర్చుండి, చేతులు కాలుచుండగనే మరతుపాకి మీటను నొక్కి దానిని కాల్చెను. పిదప దూకెను. దిగుచున్నవాడు ఏ పక్షమువాడో ఎరుగక క్రిందనున్న స్వదేశపు కావలివారే అతనిపై తుపాకి కాల్చి మఱియొక గాయము చేసిరి. ఈ సాహసమునకు అతనికి విక్టోరియా క్రాసు పతకము లభించెను. ఆ యుద్ధమంతటిలోను బ్రిటిషు పోరువిమాన దళములవారిలో దానిని పొందినవాడు అతడొక్కడే.

పతకములు పొందనివారును అతనివలెనే కాలిరి. ముఖములును, చేతులును కాలిన అట్టి వైమానికులను ఈస్టు గ్రిన్‌స్టెడ్ అను చిన్న పట్టణములోని ఆసుపత్రికి చేర్చెడివారు. అచ్చట ఆర్చిబాల్డ్ మెకిండో అను వైద్యుడు శరీరమున వేఱొకచోటి చర్మము తీసి వారికి కనురెప్పలను, ముక్కులను, పెదవులను క్రొత్తగా నిర్మించెను. సముద్రమున పడినవారి పుండ్లు నేలపై పడినవారి పుండ్లకంటె త్వరగా మానుట గమనించి, ఆయన రోగులకు ఉప్పునీటి స్నానములు చేయించెను. వారిని వీధులలోనికి, సత్రములలోనికి పంపుచు, వారిని వింతగా చూడవలదని ఊరివారిని ముందే కోరెను. ఊరివారు ఆ మాట నిలుపుకొనిరి. తమపై ప్రయోగములు జరుగుచున్నవను పరిహాసముతో ఆ రోగులు 1941లో ‘గినీపందుల సంఘము’ను స్థాపించుకొనిరి. పారిపోవుటకు వీలులేకుండ కాళ్లు కాలినవానిని కోశాధికారిగను, ఎక్కువ వ్రాయకుండ వ్రేళ్లు కాలినవానిని కార్యదర్శిగను ఎన్నుకొనిరట! యుద్ధాంతమునకు ఆ సంఘమున ఆరువందలకు పైగా సభ్యులుండిరి.

ఆ దళములలో ఉన్నవారందరును ఆంగ్లేయులే యనుకొనరాదు. న్యూజిలాండు, కెనడా మొదలగు దేశములవారును, జర్మనీ ఆక్రమించిన పోలండు, చెకొస్లోవేకియా దేశములనుండి తప్పించుకొని వచ్చినవారును ఉండిరి. పోలండువారు తమ దేశముననే పోరాడి ఆరితేరినవారు. ఐనను ఆంగ్లభాషలో ఆజ్ఞలు అర్థము కావలెనని, రేడియో అమర్చిన మూడుచక్రముల బండ్లపై వారిని మైదానమున త్రొక్కించి అధికారులు శిక్షణ మిచ్చిరి. వారి కెంత చిన్నతనముగ నుండెనో! ఆగస్టు చివర యుద్ధమునకు అనుమతి పొందిన వారి 303వ దళము, హరికేనులు నడిపిన దళములన్నిటిలో ఎక్కువ విమానములను కూల్చినదిగా పేరొందెను.

మన ప్రాంతముల పేర్లును ఆ యుద్ధముతో ముడివడియున్నవి. నిజాము ధనసహాయమునకు గుర్తుగా 152వ దళము హైదరాబాదు దళ మనియు, 253వ దళము హైదరాబాదు సంస్థాన దళ మనియు పేరు వహించినవి. 152వ దళపు చిహ్నమున నిజాము తలపాగా చిత్రింపబడినది. 79వ దళము మద్రాసు ప్రెసిడెన్సీ పేరు ధరించెను. తెలుగు జిల్లాలనేకము అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. ఐతే ఈ దేశమును యుద్ధమునకు దింపునపుడు, 1939 సెప్టెంబరులో, వైస్రాయి భారతీయుల సమ్మతి నడుగలేదు. తమ ద్వీపపు స్వాతంత్ర్యమునకై ఆ యువకులు ప్రాణములొడ్డుచున్న 1940 అక్టోబరులోనే, తమ దేశమునకు అట్టి స్వాతంత్ర్యమే కావలెనని వినోబాభావే వ్యక్తిసత్యాగ్రహమును ఆరంభించి చెఱసాలకు పోయెను.

ఆగస్టు నెలలో శత్రువులు విమానాశ్రయములపైననే పడి వానిని చాలవఱకు దెబ్బతీసిరి. సెప్టెంబరు 7 నుండి వారు లండను నగరముపైకి మఱలిరి. నగరమునకు అది మహావిపత్తు. కాని వైమానిక దళములకు ఊపిరి తీసికొన అవకాశము దొరకెను. 15వ తేదీన అతిపెద్ద దాడి జరిగెను. ప్రధానమంత్రి చర్చిలు భూగర్భ గృహమున కూర్చుండి చూచుచు, ఇంక అదనపు బలము లెన్ని యున్నవని అడుగగా, ఏమియు లేవని సేనాధిపతి కీత్ పార్కు బదులిడెను. ఆనాడు 185 శత్రువిమానములు కూలినవని ప్రకటించిరి. యుద్ధానంతరము జర్మను పత్రములు పరిశీలింపగా కూలినవి సుమారు 60 అని తేలెను. ఒకే విమానమును ఇద్దఱు ముగ్గురు తామే కూల్చితిమని నమ్ముట అట్టి గందరగోళమున సహజమే. ఏమైనను ఆ సంఖ్యయే చాలినది. రెండు దినముల తరువాత హిట్లరు దండయాత్రను నిరవధికముగ వాయిదా వేసెను.

జూలై నుండి అక్టోబరు వఱకు జరిగిన ఈ పోరాటమున బ్రిటను పక్షపు వైమానికులు 544 మంది మరణించిరి. మిగిలినవారిలో సుమారు 800 మంది యుద్ధము ముగియకమునుపే ఇతర రంగములలో నేలకొరిగిరి. వారిలో నికల్సను ఒకడు. కాలిన చేతులు మానిన పిదప అతడు భారతదేశమునకు వచ్చి, బర్మా రంగమున ఒక దళమునకు నాయకుడయ్యెను. 1945 మే 2వ తేదీన రంగూనుపైకి బయలుదేరిన ఒక బాంబరు విమానమున పరిశీలకుడుగ ఎక్కెను. దారిలో ఇంజనునకు నిప్పంటుకొని ఆ విమానము బంగాళాఖాతమున కూలెను. ఐరోపాలో యుద్ధము ముగియుటకు అప్పటికి ఇంక ఆరు దినములే యుండెను. అతని దేహము దొరకలేదు.