మా పేటలో మూడు ప్రయాణాలు

హైదరాబాదు వచ్చినవాళ్ళు చార్మినార్ చూస్తారు, గోల్కొండ చూస్తారు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ చూద్దామని పనిగట్టుకుని ఎవరూ రారు. వెంకటేశ్వరస్వామి గుడీ, సాయంత్రమైతే పాటో నాటకమో వుండే త్యాగరాయ గానసభా, లైబ్రరీ, కూరగాయల బళ్ళూ... అన్నీ కలిపి చూసినా ఓ మైలు నడక. 2020 ఫిబ్రవరి నుంచి నెత్తిమీద మెట్రో కూడా పరుగెడుతోంది.

కానీ ఈ మైలు దూరంలో ఎన్ని దేశాల కబుర్లో! పరాయిదేశం వెళ్ళి, ఒకరింట్లో వుండి, పిల్లల్ని చూసుకునే ఆడవాళ్ళు మా పేటలో మూడు రకాలు కనిపిస్తారు. పని దాదాపు ఒకటే. మర్యాదలో మాత్రం ఎంత తేడానో చూడండి.

అశోక్‌నగర్ అమ్మాయి

అశోక్‌నగర్ అంటేనే హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపులు. సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర పొద్దున్నే పుస్తకాలు ముందేసుకుని కూర్చునే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మా ఆడపడుచు కూతురు కూడా డిగ్రీ అయ్యాక నల్గొండ నుంచి వచ్చి అక్కడి హాస్టల్లోనే చేరింది. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసింది. పేపరు లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ రాసింది. అదీ కోర్టులో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషనే తీసేసి కొత్తది ఇచ్చారు. పిల్ల విసిగిపోయి జర్మన్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది.

ఓ ఆదివారం భోజనానికొచ్చి, "అత్తయ్యా, నేను జర్మనీకి ఓ పేర్‌గా వెళ్తాను" అంది.

"ఓ పేరేమిటే, ఏం పేరు?" అన్నాను. పిల్ల పడీపడీ నవ్వింది. అది ఫ్రెంచి మాటట. సమానంగా అని అర్థమట. అక్కడ ఒక కుటుంబంలో ఇంటి మనిషిలా వుండి, వాళ్ళ పిల్లల్ని చూసుకుంటూ, చిన్నాచితకా ఇంటిపని అందుకుంటూ, భాష నేర్చుకోవడం.

నల్గొండలో మా వదినగారికి ఈ సంగతి తెలిసి ఒకటే ఏడుపు. "డిగ్రీ చదివించి ఆయాపనికి పంపుతామా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోను?" అని. ఆవిడ బాధా కాదనలేం. అందుకే ఆవిడ్ని పిలిపించి, ముగ్గురం కూర్చుని ఆ కాయితాలన్నీ చదివించుకున్నాం.

జర్మనీ వీసాకి వయసు పద్దెనిమిది నిండాలి, ఇరవయ్యేడు నిండకూడదు. మా పిల్లకి ఇరవయ్యారు దాటుతోంది, అదీ తొందర. భాషలో ఎ1 అనే మొదటి మెట్టు వచ్చి వుండాలి. పని రోజుకి ఆరుగంటలు, వారానికి ముప్ఫై గంటలు మించకూడదు. వారంలో ఒకటిన్నర రోజు సెలవు, ఏడాదికి నాలుగు వారాలు సెలవు. సొంత గది, భోజనం, చేతిఖర్చుకి నెలకి 280 యూరోలు, భాష క్లాసుకి 70 యూరోలు, ఆరోగ్య బీమా ఇంటివాళ్ళే ఇవ్వాలి. ఏడాదికి మించి వుండడానికి లేదు. దారిఖర్చు సాధారణంగా మనదే. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ ఇంట్లో జర్మన్ మాట్లాడాలి. వాళ్ళు మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళయితే పనికిరాదు. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ళింటికి పంపుదామన్నా కుదరదన్నమాట.

ఇదంతా విన్నాక వదినగారు కళ్ళు తుడుచుకుని, "గదికి లోపలి గడియ వుంటుందా?" అని అడిగారు. నాకు ఆ ప్రశ్న భలే నచ్చింది. పిల్ల ఆ ఇంటావిడకి వీడియోలో ఫోన్ చేసి, గదిని తలుపుతో సహా చూపించమంది. ఆవిడ నవ్వి చూపించింది.

నారాయణగూడ వంటావిడ

నారాయణగూడ ఆడపిల్లల చదువుకి పేరున్న చోటు. 1928లో మొదలైన మాడపాటి హనుమంతరావుగారి బాలికల పాఠశాల ఇక్కడే వుంది. రెడ్డి మహిళా కళాశాలా ఇక్కడే. ఆ వీధిలోనే మా అక్కయ్యవాళ్ళ అపార్ట్‌మెంటు. అక్కడ వంటచేసే ఆవిడది కడప జిల్లా రాజంపేట వైపు. బడి మొహం ఎరగదు. కువైట్‌లో రెండేళ్ళు చేసొచ్చింది.

ఎవరో ఏజెంటు విజిట్ వీసా మీద పంపాడట. దిగగానే పాస్‌పోర్టు ఇంటివాళ్ళు తీసుకున్నారు. నలుగురు పిల్లలు, మూడంతస్తుల ఇల్లు. "పిల్లలు మంచోళ్ళేనమ్మా, చిన్నోడు నన్నొదిలేవాడు కాదు. కానీ ఎప్పుడు పడుకుంటానో నాకే తెలిసేది కాదు" అంటుంది. తన పిల్లల్ని తల్లి దగ్గర వదిలి, ఎవరి పిల్లాడికో జోల పాడింది. ఆ డబ్బుతోనే ఇల్లు కట్టుకుంది, అదీ చెబుతుంది.

కువైట్‌లోనూ చట్టం వుంది. 2015లో వచ్చింది. రోజుకి పన్నెండు గంటలు మించి చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి, పాస్‌పోర్టు యజమాని దాచకూడదు. 2016లో కనీస జీతం 60 దినార్లని పెట్టారు. మన ప్రభుత్వ నియమం ప్రకారం, పదో తరగతి పాసవని ఆడవాళ్ళు ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళాలంటే ముప్ఫై ఏళ్ళు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. తెలంగాణకి టామ్‌కామ్, ఆంధ్రకి ఓమ్‌క్యాప్ వున్నాయి. విజిట్ వీసా మీద వెళ్తే మాత్రం ఈ రక్షణలేవీ అక్కరకి రావు. ఆవిడకి అప్పుడు ఇవి చెప్పినవాళ్ళు లేరు.

చిక్కడపల్లి అమ్మమ్మ

ఇక మూడోది మా పక్కవాటా పిన్నిగారు. కూతురు అమెరికాలో. మొదటి పురుడుకి ఆరునెలలు, రెండో పురుడుకి ఆరునెలలు, ఇప్పుడు మళ్ళీ పిల్ల ఉద్యోగంలో చేరుతోందని ప్రయాణం. వీసా మాత్రం చుట్టపుచూపు వీసా! ఆవకాయ ప్యాకింగు, కారప్పొడులు, పిల్లలకి గౌన్లు... సూట్‌కేసు తూకం వేయడానికి మా ఇంటికే వస్తారు.

ఓ సాయంత్రం మా మేనకోడలి జర్మనీ నియమాలు ఆవిడకీ చెప్పాను. ఆరుగంటల పని, ఒకటిన్నర రోజు సెలవు అనగానే పిన్నిగారు చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టేశారు. "నాకు ఒక్క పూటైనా సెలవుందటే? పొద్దున ఆరింటికి పాలసీసాతో మొదలు, రాత్రి పదింటికి గిన్నెలతో ఆఖరు. బయట మంచు, మాట్లాడే మనిషి లేదు. మోకాళ్ళ నొప్పి అంటే పిల్ల కంగారు పడుతుందని చెప్పను" అన్నారు. కాసేపాగి, "అయినా మనవరాలు అమ్మమ్మా అని మెడ చుట్టూ చేతులేస్తే అన్నీ మర్చిపోతాను" అన్నారు. రెండూ నిజమే మరి.

జర్మనీ పిల్ల చేసే పనికి ఓ పేరుంది, లెక్కా వుంది. కువైట్‌లో చట్టముంది, ఇంటిలోపలికి వెళ్ళేసరికి అది నీరుగారిపోతుంది. అమ్మమ్మ చేసేదానికి పేరే లేదు. ప్రేమ అని సరిపెట్టేస్తాం. కన్నబిడ్డ దగ్గర కాయితాలేం రాయించుకుంటాం? కానీ నోరు తెరిచి చెప్పుకోవచ్చుగా!

పిన్నిగారు చెప్పారు. ఫోన్లో కూతురితో, "అమ్మా, శనివారం నాది. పొద్దున గుడికి తీసుకెళ్ళు, మధ్యాహ్నం నన్ను పడుకోనివ్వు" అన్నారట. అవతల కాసేపు మాటల్లేవట. తర్వాత ఆ పిల్ల, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అని ఏడ్చిందట. వారానికి మూడురోజులు పిల్లల్ని డేకేర్‌లో వేస్తానంది. పోయేముందు మంచి ట్రావెల్ ఇన్సూరెన్సు కూడా తీయించింది.

మా మేనకోడలు వీసా ఇంటర్‌వ్యూకి తయారవుతోంది. వదినగారు ఆ అగ్రిమెంటు జిరాక్స్ తీయించి బీరువాలో పెట్టుకున్నారు, అడిగినవాళ్ళకి చూపించడానికి.

మీ ఇంట్లోంచి ఎవరైనా ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే, అది ఏ దేశమైనా సరే, బయల్దేరే ముందే అడగవలసినవి కొన్నున్నాయి. ఎన్ని గంటల పని? ఏ రోజు సెలవు? పడుకునే గది ఏది? పాస్‌పోర్టు ఎవరి దగ్గర? ఒంట్లో బాగోకపోతే ఖర్చు ఎవరిది? జవాబులు ఓ కాయితం మీద రాసి, ఒక కాపీ ఇంట్లో వుంచండి. అమ్మమ్మలకైతే చివరి ప్రశ్న ఇంకొకటి కలపండి: "అమ్మా, నీకు వెళ్ళాలని వుందా?"