ఊపిరి తీసుకోవడం వస్తే చాలు!

ఎవరెస్టు ఎక్కినవాళ్లతో మాట్లాడి రాశాను. పారాచూట్ కట్టుకుని విమానంలోంచి దూకిన అమ్మాయి గురించి రాశాను. ఏడు పదుల వయసులో ఈత పోటీలకు వెళ్లే ఓ తాతగారి మీదైతే రెండు పేజీలు రాశాను. ‘మీరే దూకినట్టు రాశారండీ’ అని ఎవరైనా మెచ్చుకుంటే లోపల్లోపల నవ్వుకునేదాన్ని. ఎందుకంటే, మా అపార్ట్‌మెంట్ ఈతకొలనులో నేను మోకాళ్లు దాటి దిగింది లేదు!

నీళ్లంటే నాకంత భయం. నిజానికి ఆ భయం నాది కాదు, మా అమ్మది.

మా అమ్మమ్మగారిది కోనసీమలో ఓ పల్లె. ఇంటి ముందు కాలువ, వెనక చెరువు. అమ్మకు పదిహేనేళ్లప్పుడు ఆవిడ తమ్ముడు ఆ కాలువలో స్నానానికి దిగి మళ్లీ పైకి రాలేదు. నేను చూడని ఆ చిన్నమావయ్య గురించి అమ్మ ఎన్నడూ చెప్పలేదు. అమ్మమ్మ చెబితే తెలిసింది. అమ్మ చెప్పిందల్లా ఒక్కటే... ‘నీళ్ల దగ్గరికి వెళ్లావంటే కాళ్లు విరగ్గొడతా!’

వేసవి సెలవుల్లో పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు ఎండిన ఆనపకాయ బుర్రలు నడుముకి కట్టుకుని చెరువులో ఈత నేర్చుకునేవారు. నేను గట్టు మీద కూర్చుని వాళ్ల బట్టలకు కాపలా కాసేదాన్ని.

అలాంటిదాన్ని మొన్న సంక్రాంతి సెలవుల్లో అండమాన్ సముద్రంలో ఎనిమిది మీటర్ల లోతుకు దిగాను.

దిగాలని వెళ్లలేదు. దిగకూడదనే వెళ్లాను. మావారికి స్కూబా డైవింగ్ సరదా. కృష్ణలో ఈదులాడి పెరిగిన మనిషి కదా! మేము ఒడ్డున కూర్చుని ఫొటోలు తీసేటట్టు ఒప్పందం. పోర్ట్‌బ్లెయిర్ నుంచి పడవలో హేవ్‌లాక్ దీవికి చేరుకున్నాం. 2024లో పోర్ట్‌బ్లెయిర్‌ని శ్రీవిజయపురం చేశారు. హేవ్‌లాక్ పేరు 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది. అయినా మేము విన్నంతవరకూ అందరి నోటా పాత పేర్లే.

డైవింగ్ కేంద్రంలో ముందుగా ఓ కాగితం చేతికిచ్చారు. ఉబ్బసం ఉందా, గుండె జబ్బుందా, మూర్ఛ వస్తుందా, ఈమధ్య ఆపరేషన్ అయిందా... ఇలా బోలెడు ప్రశ్నలు. వీటిలో ఏది ఉన్నా డాక్టరు సరేనంటేనే నీళ్లలోకి. మావారు చకచకా నింపేశారు. కాలక్షేపానికి నేనూ చదివాను. ‘మీ అమ్మకు భయమా?’ అన్న ప్రశ్న ఒక్కటే లేదు!

‘నువ్వూ దిగుతావా బంగారం? పదేళ్లు దాటితే చాలట’ అని మా అమ్మాయిని అడిగారు మావారు. దానికి పదకొండు.

‘వద్దు నాన్నా. నేనిక్కడ కూర్చుని సంచులు చూసుకుంటా’ అంది.

చెప్పుల జతలన్నీ ఓ పక్కకు పేర్చి, తువ్వాళ్లు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా ఇసుకలో కూర్చుంది. నేను దాన్ని ఎప్పుడూ ‘నీళ్లలో దిగకు’ అనలేదు. కాళ్లు విరగ్గొడతా అనలేదు. ఏమీ అనకుండానే ఎలా అందింది దానికి?

ఇంకేం ఆలోచించలేదు. కాగితం తీసుకుని నా పేరు రాసేశాను. మావారు నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తు.

నాకు నేర్పించడానికి వచ్చిన కుర్రాడు తెలుగువాడే. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడ్డారట. హిందీ యాసలో ముద్దుముద్దుగా మాట్లాడుతున్నాడు. ఒంటికి అతుక్కుపోయే రబ్బరు డ్రెస్సు, నడుముకి సీసం బరువులు, వీపున సిలిండరు. మొత్తం కలిపి బియ్యం బస్తా మోస్తున్నట్టే ఉంది. సిలిండర్లో ఆక్సిజన్ నింపుతారనుకునేదాన్ని. కాదట! మనం పీల్చే మామూలు గాలినే బాగా ఒత్తిడి పెట్టి కూరతారట. నోట్లో పెట్టుకునే గొట్టం ఆ గాలిని మనకు సరిపడా వదులుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు 1943లో తయారుచేసిన పరికరమే దీనికి మూలం.

నడుము లోతు నీళ్లలో మొదటి పాఠం. ముక్కు మూసేసే కళ్లజోడు పెట్టుకుని నోటితో గాలి పీలుస్తూ తల ముంచాలి. ముంచాను. రెండు క్షణాలు... అంతే! గుండె గొంతులోకి వచ్చింది. గొట్టం లాగి పారేసి లేచి నిలబడ్డాను. రెండోసారీ అంతే. ఉప్పునీళ్లు మింగి దగ్గుతుంటే ఒడ్డు మీద మా అమ్మాయి లేచి నిలబడటం కనిపించింది.

‘నాకు ఈత రాదు బాబూ. నావల్ల కాదు’ అన్నాను.

‘ఈత రాకపోతే ఏమైందక్కా? ఊపిరి తీసుకోవడం వచ్చు కదా! అది చాలు. మిగతాది నేను చూసుకుంటా’ అన్నాడు ఆ అబ్బాయి.

నలభైకి దగ్గరపడుతున్న నాకు ఊపిరి తీసుకోవడం వచ్చని గుర్తుచేసింది పాతికేళ్ల కుర్రాడు. మూడోసారి తల ముంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పీల్చు... వదులు. పీల్చు... వదులు. ఇరవై దాకా లెక్క తెలుసు. ఆ తర్వాత లెక్క మరిచిపోయాను.

అతను చెప్పిన ముఖ్యమైన సూత్రమూ అదే. నీళ్లలో ఎప్పుడూ ఊపిరి బిగపట్టకూడదు. లోతులో పీల్చిన గాలి పైకి వస్తున్నకొద్దీ వ్యాకోచిస్తుంది. బిగపడితే ఊపిరితిత్తులకే ప్రమాదం. రెండోది చెవుల సంగతి. పది మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపవుతుంది. అరకు ఘాట్‌లో చెవులు దిబ్బెళ్లు పడతాయి చూడండి, అలాగే ఉంటుంది. ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదితే ‘టప్’మని తెరుచుకుంటాయి. మీటరుకోసారి ఊదుకుంటూ దిగాలి.

మూడోది సైగల భాష. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే అంతా బాగుందని. బొటనవేలు పైకెత్తితే ‘పైకి వెళ్దాం’ అని. ఈ సంగతి బుర్రకెక్కక నేను చేసిన నిర్వాకం వినండి. కింద మొదటి చేపల గుంపు కనపడగానే సంబరంగా బొటనవేలు పైకెత్తాను, ‘సూపర్’ అన్నట్టు. పాపం ఆ అబ్బాయి వెంటనే నన్ను పైకి లాక్కెళ్లబోయాడు. అలా రెండుసార్లు!

ఇంతకీ కింద ఏముందంటారా? ముందు చప్పుడు. నా ఊపిరి నాకే గురకలా వినిపిస్తోంది. తర్వాత రంగులు. నీళ్లలో అన్నిటికన్నా ముందు మాయమయ్యేది ఎరుపేనట. భోగికి పెట్టుకున్న గోరింటాకు అరచేతిలో ఎర్రగా పండింది కాస్తా అక్కడ నల్లబారిపోయి కనిపించింది. వేళ్లలాంటి కుచ్చుల మధ్య తెల్ల చారల నారింజ చేపలు దోబూచులాడుతున్నాయి. ‘నెమో’ సినిమా చేపలే. వాటిలో పెద్దది ఆడది. అది చనిపోతే దాని జత మగచేపే ఆడదిగా మారుతుంది! చిలక ముక్కు చేపలు పగడాలను కొరుకుతున్నాయి. అవి కొరికి విసర్జించిన పొడే ఒడ్డున తెల్లటి ఇసుకలో కలుస్తుంది.

పగడాలంటే మొక్కలనుకుంటాం గానీ అవి జీవులు. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు చాలామేర తెల్లబడిపోయాయి. కొన్నిచోట్ల విరిగి పడిన ఎముకల్లాంటి కుప్పలు మాకూ కనిపించాయి. వాటి పక్కనే చిటికెన వేలంత కొత్త కొమ్మ ఒకటి. ముట్టుకోవద్దని సైగ చేశాడు అబ్బాయి. ముట్టుకోలేదు.

అరగంట తర్వాత తల బయటపెట్టేసరికి మా అమ్మాయి నీళ్లలోనే ఉంది. సంచులు, తువ్వాళ్లు ఒడ్డున వదిలేసి, మోకాళ్ల లోతులో నిలబడి నాకోసం చూస్తోంది.

‘అమ్మా, ఏడ్చావా?’

‘లేదే, ఉప్పునీళ్లు.’

‘భయమేసిందా?’

‘వేసింది. అయినా ఊపిరి తీసుకుంటూనే ఉన్నా.’

కాసేపు ఆలోచించి, ‘నా సైజు డ్రెస్సు ఉంటుందా?’ అంది. మర్నాడు పొద్దున్నే అది దిగింది. చెప్పులకు కాపలా ఎవరూ లేరు.

డైవింగ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు. 18 గంటలు ఆగితే మంచిదంటారు. అందుకని ఇంకో రోజు దీవిలోనే ఉండిపోయాం. ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. పండక్కి రాలేదని ఆవిడ అప్పటికే అలిగి ఉంది. విషయం చెప్పాను. అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. తిట్లకు సిద్ధపడ్డాను.

‘కింద... చీకటిగా ఉంటుందా?’ అంది మెల్లగా.

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అమ్మ అడుగుతున్నది అండమాన్ గురించి కాదు. యాభై ఏళ్లుగా ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్న అది.

‘లేదమ్మా. నేను దిగినచోట వెలుగే. పైనుంచి ఎండ మెట్లుమెట్లుగా దిగుతుంటుంది’ అన్నాను.

మళ్లీ నిశ్శబ్దం. ముక్కు చీదిన చప్పుడు.

‘సరే. తల ఆరబెట్టుకో ముందు. పిల్లదానికీ తుడువు. జలుబు చేస్తుంది’ అని ఫోన్ పెట్టేసింది.