నటి గొంతు

మూకీ చిత్రాల కాలాన్ని గురించి మన విమర్శకులు రాసేటప్పుడు ఎక్కువగా యంత్రాన్ని గురించి రాస్తారు. కెమెరా ఎవరు తెచ్చారు, స్టూడియో ఎవరు కట్టారు, పెట్టుబడి ఎవరిది అని లెక్కలు చెబుతారు. ఆ తెరమీద పెదవులు కదిపిన స్త్రీ ఎవరు, ఆ పని ఆమెకే ఎందుకు దొరికింది, తర్వాత ఆమె ఏమయింది అన్న ప్రశ్న రాదు. నాకు ఈ ప్రశ్న పుస్తకాల వల్ల కలగలేదు. ఎర్రవల్లి నుంచి రోజూ బడికి పోయి పిల్లలకు పాఠం చెప్పుకునేవాణ్ణి; అక్కడ జరిగిన ఒక చిన్న గొడవ వల్ల కలిగింది. అది తర్వాత చెబుతాను.

1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. తెలుగువారు తీసిన తొలి కథాచిత్రం అదే. భీష్ముడు ప్రకాశే. గంగాదేవి మాత్రం పెగ్గీ కాస్టెల్లో! మన పురాణ గంగకు ఆ పేరుగల యువతి కావలసి వచ్చింది. పరువుగల ఇళ్ల ఆడవాళ్లు కెమెరా ముందుకు రారు. వచ్చినవాళ్లకు పరువు ఉండదు. చిత్రం మూగది కాబట్టి గంగ నోట తెలుగు రాకపోయినా నష్టం లేదు. నటి దగ్గర కొనవలసింది ముఖం ఒక్కటే.

రంగస్థలం ఇంతకన్నా మెరుగ్గా లేదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా తెర తీయించుకుని వస్తే ఆంధ్రదేశం పరవశించింది. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆ ప్రతిభను నేను తక్కువ చెయ్యను. కానీ అంతటి సత్యభామ పురుషుడు కావలసి రావడం కేవలం కళకు సంబంధించిన విషయం కాదు. మరోపక్క ఆడది నిస్సంకోచంగా ఆడి పాడిన చోట్లను శిష్టులు కళగా గుర్తించలేదు. మా తెలంగాణాలో చిందు భాగవతుల ఆడవాళ్లు ఆడవేషమూ కట్టారు, మగవేషమూ కట్టారు. చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసేదాకా ఆడింది. ఊరు ఆమె ఆట చూసింది. కులం దగ్గరికి వచ్చేసరికి ఊరవతలే నిలబెట్టింది.

ఈ రెంటికీ నడుమ సురభి ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఆ సమాజం నిజానికి ఒక కుటుంబం. భర్త రాజు, భార్య రాణి, పసిపిల్ల ప్రహ్లాదుడు. అక్కడ స్త్రీ రంగం మీదికి ‘రావడం’ అనే సమస్యే లేదు, ఆమె అక్కడే పుట్టింది. నటన ఆమెకు వ్యవసాయం లాంటిది, సాలెపని లాంటిది. ఇంటిల్లిపాదీ చేస్తేనే కూడు.

అందుకే తెర మాట నేర్చిన రోజున దానికి సురభి గడప తొక్కక తప్పింది కాదు. బొంబాయి ఇంపీరియల్ కంపెనీ అధిపతి అర్దేషిర్ ఇరానీ నిర్మాణంలో హెచ్. ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ తీశారు, 1932లో విడుదలయింది. లీలావతి సురభి కమలాబాయి. ఆ కంపెనీలోనే మూకీల మహారాణి సులోచన ఉండేది. అసలు పేరు రూబీ మయర్స్, పూర్వం టెలిఫోన్ ఆపరేటరు. బొంబాయి గవర్నరు కంటె ఆమె జీతం ఎక్కువని చెప్పుకునేవారు. టాకీ రాగానే ఆ మహారాణి పని మానుకుని హిందుస్తానీ నేర్చుకోవడానికి కూర్చుంది. అదే సమయంలో డేరా నాటకాల పిల్లకు పిలుపు వచ్చింది. ముఖం ఖరీదు తగ్గి గొంతు ఖరీదు పెరిగిన ఘడియ అది. అటువంటి ఘడియ మన సినిమా చరిత్రలో మళ్లీ రాలేదనే నా అభిప్రాయం.

ఎందుకంటే అది పదేళ్లు నిలవలేదు. 1940ల నుంచి నేపథ్యగానం బలపడింది. పాడేది ఒకరు, పెదవులు కదిపేది ఇంకొకరు. సాంకేతికంగా ఇది అభివృద్ధే, కాదనను. నటి విషయంలో మాత్రం ఇది రెండో మూకీ యుగం. కొనుగోలుదారుడికి ముఖం ఒకచోట, గొంతు ఒకచోట దొరుకుతున్నప్పుడు రెండూ ఉన్న మనిషికి ఏం గిరాకీ? కమలాబాయి బొంబాయిలో హిందీ చిత్రాల్లో కొంతకాలం పనిచేసి తిరిగి వచ్చింది. 1951లో ‘పాతాళ భైరవి’లో తోటరాముడి తల్లి అయింది. 1953లో సులోచన ‘అనార్కలీ’లో సలీం తల్లి అయింది. 1928 మూకీలోనూ 1935 టాకీలోనూ అనార్కలీ ఆమే! ఇద్దరూ చివరికి కథానాయకుడి తల్లులే.

ఎర్రవల్లిలో మా ఇంటి పక్క ముసలమ్మ టీవీలో ‘పాతాళ భైరవి’ వస్తే వదలదు. కమలాబాయి కనిపించగానే ఒకసారి నన్ను అడిగింది: “గీమె నాటకాలామె గదా బిడ్డా?” ఎట్లా తెలిసిందన్నాను. “మాట తెలుస్తలేదా, దూరం కూసున్నోనికి గూడ ఇనపడేటట్టు మాట్లాడుతది” అంది. మైకులు లేని ఆటలు చూసిన చెవి అది. ఆ ఒక్క మాటలో ఉన్నంత విమర్శ చాలా సమీక్షల్లో నాకు కనబడలేదు.

గొంతును తిరిగి రంగం మీదికి తెచ్చినవాళ్లు ప్రజానాట్యమండలివారు. మోటూరి ఉదయం స్త్రీల బుర్రకథ దళంతో ఊళ్లు తిరిగింది. సుంకర, వాసిరెడ్డి 1947లో రాసిన ‘మా భూమి’ తెలంగాణా రైతు కథను ఆంధ్ర జిల్లాల పల్లెలకు వినిపించింది. అందులో ఆడిన జమునను గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’తో తెరకు తెచ్చారు. ప్రభుత్వం ‘మా భూమి’ని నిషేధించింది. సర్కారువారు బొమ్మకు భయపడరు, గుమిగూడిన జనం ముందు పలికిన మాటకు భయపడతారు. (నిజాం ఏలుబడిలో బొమ్మకూ భయపడ్డారులెండి. ధీరేన్ గంగూలీ హైదరాబాదులో మూకీలు తీస్తుండగా ‘రజియా బేగం’ మీద ఆగ్రహం వచ్చి 1924లో రాజ్యం విడిచిపొమ్మన్నారు. సింహాసనమెక్కిన ఆడదాని బొమ్మ అది.)

ఇక మా బడి గొడవ. వార్షికోత్సవానికి ఒక నాటిక రాశాను. భూమి పోయిన రైతు కూతురి పాత్రకు తొమ్మిదో తరగతి అమ్మాయిని అనుకున్నాను. మర్నాడే తండ్రి వచ్చాడు. మర్యాదస్తుడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “సారూ, నాటకంల వద్దు. నలుగుట్ల మాట్లాడుడు మాకు బాగుండది” అన్నాడు. ఆ పిల్ల ఫోనులో వీడియోలు చేస్తుందని బడి అంతా ఎరుగును. ఏ సినిమా నటి మాటలకో, ఎవరో పాడిన పాటకో పెదవులు కదుపుతుంది, వందలమంది చూస్తారు. ఆ సంగతి ఎత్తితే ఆయన ఆశ్చర్యపోయి “అండ్ల మాట్లాడేది మా బిడ్డ కాదు గద సారూ!” అన్నాడు.

ఆయనతో నేను వాదించలేదు. మూకీ నుంచి నేపథ్యగానం దాకా జరిగినదంతా ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు. ముఖం లోకానికి పోయినా ఇంటి పరువు పోదు, మాట పోతేనే పోతుంది.

ఆ నాటిక ఆ ఏడు మగపిల్లలతోనే ఆడింది. రైతు కూతురి వేషం ఒక కుర్రవాడు కట్టాడు. జనం బాగా నవ్వారు, నవ్వవలసిన నాటకం కాదది.

ఈ ఏడు బ్రెహ్ట్ ‘సెజువాన్ మంచి మనిషి’ని కుదించి రాస్తున్నాను. ఇది బి. వి. కారంత్ దర్శకత్వంలో ‘బస్తీ దేవత యాదమ్మ’ పేరుతో సురభివారు ఆడినదే. పౌరాణికాల డేరాలో బ్రెహ్ట్ ఇమిడిపోయాడు. అందులో మంచితనంతో బతకలేని స్త్రీ మగవేషం వేసుకుని, లేని దాయాదిగా నటించి బేరాలాడుతుంది. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ప్రతి తీసుకుని చదివింది. తండ్రిని అడిగిందో లేదో నాకు చెప్పలేదు. “సార్, రెండు గొంతులూ నేనే మాట్లాడాలె గదా?” అని మాత్రం అడిగింది. అవునన్నాను. ఆ సాయంత్రం ఖాళీ గదిలో మొదటి రంగం గట్టిగా చదువుతుంటే వరండాలో నిలబడి విన్నాను. మగగొంతు ఇంకా కుదరలేదు. వాక్యం చివర ఊపిరి అందడం లేదు. రేపటినుంచి బడి మైదానంలో ఆ చివర నేను నిలబడి, ఈ చివర ఆమెను నిలబెట్టి చదివించాలి.