షోకిల్లా బండి... డెల్టా దారి!

సినిమా పత్రికలో మోటారుసైకిలు గొడవేమిటి అనుకుంటున్నారా? ఆ షోకు మనకు నేర్పిందెవరండీ మరి! 1973లో రాజ్‌కపూర్ ‘బాబీ’ తీశాడు. అందులో రిషీ కపూర్, డింపుల్ ఎక్కి తిరిగిన బుల్లి రాజ్‌దూత్ అసలు పేరు జి.టి.ఎస్. 175. ఆ పేరు జనం ఏనాడో మరిచిపోయారు. ‘బాబీ బండి’ అన్నారు, ఇప్పటికీ అంతే. 1975లో ‘షోలే’ వచ్చాక సైడ్‌కార్ ఎక్కడ కనబడినా అమితాబ్, ధర్మేంద్రలే గుర్తొచ్చారు. హీరోగారి బండికి ఏముంటే మన బండికీ అది ఉండాలి! అద్దం, దీపం, హారను, సైలెన్సరు... ఈ జబ్బుకు మందు లేదు.

అయితే హీరోగారి బండి షాటు ఓకే కాగానే లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. మన బండికి ఆ భోగం ఎక్కడిది? తెనాలిలో బయల్దేరి, రేపల్లె మీదుగా బాపట్ల చేరి, సూర్యలంకలో సముద్రం చూసి, పొన్నూరు మీదుగా తిరిగి తెనాలి రావాలి. అంతా కలిపి నూట నలభై కిలోమీటర్ల చిల్లర. కొండ లేదు, ఘాటు లేదు, అరచెయ్యిలాంటి చదును నేల. ఇంతోటి దారికి బండికి ప్రత్యేకంగా ఏం కావాలి అనిపిస్తుంది. అక్కడే ఉంది తిరకాసు. ఈ దారి అడిగేవి వేరు, కొట్లో అద్దాల వెనక మెరిసేవి వేరు.

తెనాలి! ఆంధ్రా ప్యారిస్ అని ఊరికే అన్నారా? శారద ఈ ఊరి ఆడపడుచు. విజయా వారి చక్రపాణిదీ ఈ ఊరే. నాలుగడుగులు బయటికి వేస్తే బుర్రిపాలెం కృష్ణది, మోరంపూడి జగ్గయ్యది, రావికంపాడు గుమ్మడిది. ఇంత సినిమా గాలి సోకిన ఊళ్ళో కుర్రాళ్ళ బండ్లు సాదాసీదాగా ఎట్లా ఉంటాయి చెప్పండి!

కాలవ గట్టు దగ్గర షెడ్డులో ఓ పెద్దాయన ఉన్నాడు. ముప్పయ్యేళ్ళుగా బండ్లతోనే కాపురం.

“టూరుకి పోవాలంటే ఏం తగిలించాలి బాబాయ్?” అన్నాను.

“తగిలించేది తర్వాత చూద్దాంలే అబ్బాయ్. పీకించింది ఏందో ముందు చెప్పు!” అన్నాడాయన, షెడ్డు మూలకి చెయ్యి చూపిస్తూ.

అక్కడ ఇనప కమ్ముల పోగు. అన్నీ శారీ గార్డులే! కొత్త బండి కొన్న కుర్రాడు వారం తిరక్కుండా వచ్చి మొట్టమొదట ఊడదీయించేది దాన్నేనట. “లుక్కు పోతోంది” అంటారట. వెనక చక్రం సగానికి తగ్గకుండా కప్పుతూ, వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు ఇరుక్కోకుండా కాపు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతోంది. పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి చోటు కూడా ఆ నిబంధనలోవే. కాయితం సంగతి అలా ఉంచండి. చీరచెంగో, చున్నీయో చువ్వల్లో పడిందంటే అది నెమ్మదిగా లాగదు, ఒక్క గుంజు గుంజుతుంది. చున్నీ మెడకు చుట్టుకుని ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. నడిపేవాడికి ఆ సంగతి తెలిసేటప్పటికే వెనక మనిషి రోడ్డు మీద ఉంటుంది. ఆ మనిషి అమ్మ కావచ్చు, అక్కయ్య కావచ్చు, పెళ్ళయి నెల తిరగని ఇల్లాలు కావచ్చు. ముందు వేలు పోసి పొగమంచు దీపాలు, వెనక ఆవిడకు పది రూపాయల రక్షణ లేదు! నాకు చూస్తే ఒళ్ళు మండుతుంది. టూరింగుకి మొదటి ‘యాక్సెసరీ’ ఏదయ్యా అంటే కంపెనీ ఇచ్చిన శారీ గార్డు. రెండోది వెనక మనిషికి ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న రెండో హెల్మెట్టు.

అన్నట్టు, ఊడదీసిన ఇనుముకీ తెనాలిలో మోక్షం ఉంది. పాత బండ్ల ఇనుముతో బొమ్మలు పోతపోసినట్టు నిలబెట్టే శిల్పులు ఇక్కడున్నారు. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు కలిసి 2021లో ప్రధాని మోదీ విగ్రహాన్ని అలాగే చేశారు. ఎత్తు 14 అడుగులు!

తెనాలి నుంచి రేపల్లెకు రైలుంది, అక్కడితో పట్టాలు సరి. రోడ్డు మీద పోతే మధ్యలో భట్టిప్రోలు. ఆగి బౌద్ధస్తూపం చూడండి. దారి పొడుగునా కాలవలు, మురుగు కాలవలు, గేదెలు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. వడ్ల మీద బ్రేకు వేస్తే టైరు బంతిలా దొర్లుతుంది. కాబట్టి లెగ్ గార్డు గట్టిదే వేయించుకోండి, కానీ టైర్ల మీద పెట్టే డబ్బు తగ్గించి మాత్రం కాదు. ఇక వాన పడిందా, నల్లరేగడి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మెత్తి కూర్చుంటుంది. వెనక మడ్‌గార్డు కోయించి నంబరు ప్లేటు పైకి మడిచే ఫ్యాషనొకటి వచ్చింది. ఈ బురదలో ఒక్కసారి వెళ్ళొస్తే చొక్కా వీపున డెల్టా పటం మొత్తం అచ్చవుతుంది!

రేపల్లె దాటితే పెనుమూడి. ఒకప్పుడు కృష్ణ దాటాలంటే పడవే దిక్కు. ఇప్పుడు అవతలి పులిగడ్డకు వంతెన ఉంది. బ్రహ్మాండమైన నది, అంతకు మించిన గాలి. బండి వెనక ఎత్తుగా పెట్టె బిగించి అందులో బరువంతా కూరినవాళ్ళకు ఆ గాలి నేర్పే పాఠం వేరే. వెనక ఇరుసు అవతల బరువు పెరిగిన కొద్దీ ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిలు ఊగుతుంది. బరువైనవి రెండు పక్కలా సంచుల్లో, కిందికి, సమానంగా ఉండాలి. సైలెన్సరు వైపు సంచికి రేకు అడ్డం ఉండాలి, లేకపోతే చొక్కాలు కాలతాయి. పై పెట్టెలో వానకోటు, మందులు, తువ్వాలు. అది చాలు.

అక్కణ్ణించి బాపట్లకు 216 నంబరు జాతీయ రహదారి. హాయిగా పోవచ్చు. భావనారాయణస్వామిని దర్శించుకుని, తొమ్మిది కిలోమీటర్లు పోతే సూర్యలంక. బండి ఫొటో తీసుకోని కుర్రాడు అక్కడ ఉండడు. ఇసకలో సైడు స్టాండు దిగబడి బండి ఒరుగుతుంది. అరచెయ్యంత చెక్కముక్క స్టాండు కింద పెడితే పోయె. దానికి ఖర్చేముంది? అసలు శత్రువు ఉప్పుగాలి. వేలు పోసి కొన్న క్రోము కమ్ములు, చవకరకం బోల్టులు ముందు తుప్పు పట్టేది ఇక్కడే. తీరం వైపు తరచు పోయేవాళ్ళు క్రోముకన్నా నల్లపూత సరుకు, స్టెయిన్‌లెస్ బోల్టులు ఎంచుకోవడం మేలు. బాపట్ల రాగానే మంచినీళ్ళతో బండి కడిగి, ఆరాక గొలుసుకి నూనె పట్టించాలి.

సైలెన్సరు మార్పించి డబడబలాడించే బాబులకు ఒక్క మాట. కంపెనీ ఇచ్చిన రూపం ఇష్టమొచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పదు. పైగా ఆ చప్పుడులో వెనకొచ్చే బస్సు హారను మీకే వినపడదు.

తిరుగుదారి పొన్నూరు మీదుగా, అదీ చీకటి పడ్డాక. ఇక్కడ దీపాల సంగతి తేలుతుంది. హెడ్‌లైటు హోల్డరు, తీగలు 60 వాట్ల బల్బుకి తగ్గట్టు చేస్తారు. అందులో 100 వాట్లది దూరిస్తే హోల్డరు కరుగుతుంది. అదనపు దీపాలు కావాలంటే రిలే, ఫ్యూజు పెట్టి విడిగా తీగ లాగాలి. ఇరవై వాట్లవి రెండు చాలు, మూడు ఆంపియర్ల పైచిలుకు తాగుతాయి. ధనుర్మాసపు మంచులో తెల్లని వెలుగు గోడలా ఎదురొస్తుంది, పసుపు నయం. పైకి కాకుండా రోడ్డు మీదికి వంచి బిగించమనండి.

ఈ దారిలో మీరు చూడాల్సింది దూరాన్ని కాదు. ముందు పోతున్న ట్రాక్టరు ట్రక్కుని. గడ్డి వేసుకుని రోడ్డంతా ఆక్రమించి పోతుంటుంది, వెనక ఎర్రదీపం ఉండదు. మీ దీపం దాని మీద పడ్డప్పుడే అది ఉన్నట్టు తెలుస్తుంది. మరి మీరున్నట్టు వెనకవాడికి తెలియాలిగా! సంచులకి, పై పెట్టెకి ఎర్రగా మెరిసే రిఫ్లెక్టరు టేపు అంటించండి. ఖరీదు కాఫీ డబ్బులే. తెనాలిలో ఏ కొట్టులో అడిగినా ఇస్తారు, కానీ అద్దాల వెనక మాత్రం కనపడదు. అడిగి తీసుకోవాలి.