గోడల నడుమ ఒక సమాజం

ధైర్యమనగానే మా మనస్సులలో మెదిలేది ఆయుధం పట్టిన వీరుడే. వార్సా ఘెట్టో పేరు విన్నప్పుడు కూడా, 1943 ఏప్రిల్ 19న, పస్కా పండుగ ప్రారంభమయ్యే దినాన, యూదు యువజనులు నాజీ సైన్యాన్ని ఎదిరించిన తిరుగుబాటునే తలచుకొనేవారము. ఆ చరిత్రను మరికొంత చదివిన పిదప మా అభిప్రాయం మారింది. తుపాకులు మ్రోగక ముందే అక్కడ మరొక పోరాటం సాగింది.

1940 నవంబరులో నాజీలు ఆ పోలెండు నగరంలో 4 లక్షలకు పైగా యూదులను సుమారు 3.4 చదరపు కిలోమీటర్ల స్థలంలో, ఎత్తైన గోడల నడుమ బంధించారు. ఆకలి, టైఫస్ జ్వరం ప్రతిదినం ప్రాణాలు తీసేవి. సామూహిక ప్రార్థనలను ఆ ఏడు జనవరిలోనే నిషేధించారు. అయినను పదిమంది పురుషులు ఏదో ఒక గదిలో చేరి రహస్యంగా ప్రార్థించేవారు. ఉచిత భోజనశాలల చాటున పిల్లలకు పాఠాలు జరిగేవి. ఒక్కొక్క భవనంలోనివారు కమిటీగా ఏర్పడి, ఉన్నదానిలోనే లేనివారికి పంచేవారు. యుద్ధారంభంలోనే కుమారుని కోల్పోయిన రబ్బీ కలోనిమస్ షపీరా 1942 వరకు ధర్మోపదేశాలు చేస్తూనే వచ్చారు.

చరిత్రకారుడు ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ బృందం శనివారాలలో కలుసుకొనేది. అందుకే దానికి 'ఓనెగ్ షబ్బాత్', అనగా విశ్రాంతిదినపు ఆనందం, అని పేరు. పిల్లల వ్యాసాలు, రేషను చీట్లు, గోడ ప్రకటనలు, షపీరా ఉపదేశాలు అన్నిటినీ సేకరించి, రేకు పెట్టెలలోను, పాల క్యాన్లలోను భద్రపరచి భూమిలో పాతిపెట్టారు. 1942 వేసవిలో సుమారు 2,65,000 మందిని ట్రెబ్లింకాకు తరలించి చంపారు. 1943లో షపీరా, 1944లో రింగెల్‌బ్లూమ్ హతులయ్యారు. 1946లో పెట్టెలు, 1950లో పాల క్యాన్లు బయటపడ్డాయి.

ప్రాణాలు దక్కనప్పుడు ఆ ప్రార్థనల వలన, ఆ పాఠాల వలన ప్రయోజనమేమని మాలో మేము ప్రశ్నించుకొన్నాము. శత్రువు కోరినది వారి ప్రాణాలను మాత్రమే కాదు. వారొక సమాజంగా జీవించారన్న గుర్తును సైతం తుడిచివేయాలనుకొన్నాడు. ఆ కోరిక నెరవేరలేదు.

ఉర్దూ, తెలుగు ఒకే సంచికలో అచ్చయ్యే ఈ కళాశాలలో, దాదాగారి ఉర్దూ ఉత్తరాలను చదువలేక పెట్టెలోనే ఉంచిన వారము మాలో కొందరము ఉన్నాము. మమ్ములను ఏ గోడా అడ్డగించలేదు, ఏ శాసనమూ నిషేధించలేదు. అది తలచుకొని సిగ్గుపడ్డాము. ఈ సెలవులలో ఆ ఉత్తరాలను పైకి తీసి, ఇంటి పెద్దల ప్రక్కన కూర్చొని చదవడం నేర్చుకోవాలని నిశ్చయించుకొన్నాము.