గోడకు గొడుగు

మన సంస్థలో ఉద్యోగం చేసేవారికి బదిలీలు తప్పవు. బదిలీల వలన కలిగే ఇబ్బందులను గురించి ఇటువంటి పత్రికలలో ఎందరో వ్రాసియున్నారు. నేను మాత్రం దాని వలన కలిగిన ఒక మేలును గురించి చెప్పదలచాను. 2011లో విశాఖపట్నం నుండి మంగుళూరుకు వెళ్ళి, అక్కడ ఆరు వర్షాకాలాలు గడిపిన మీదటగాని వాన ఇంటిని ఏమి చేయగలదో, ఇల్లు వానను ఎట్లా తట్టుకోగలదో నాకు బోధపడలేదు.

విశాఖపట్నంలో ఏడాది పొడుగునా కురిసే వాన సుమారు 1,000 మిల్లీమీటర్లు. మంగుళూరులో 3,500 మిల్లీమీటర్లకు పైమాటే. అందులోనూ అత్యధిక భాగం జూన్ మొదలు సెప్టెంబరు లోపుననే కురుస్తుంది. మేము కాపురం పెట్టిన తొలి వర్షాకాలంలో పెట్టెలోని పట్టుచీరలకు బూజు పట్టింది, తోలు చెప్పులపై తెల్లని నూగు మొలిచింది. ఉప్పు జాడీలో ఉప్పు నీరై కూర్చున్నది. అయినా మా వీధిలోని పాత ఇండ్ల గోడలు మాత్రం లోపలి వైపున పొడిగా ఉండేవి. ఇది నాకు ఆశ్చర్యం కలిగించింది.

ఆ పాత ఇండ్ల గోడలు ఎర్రని మురకల్లుతో కట్టినవి. చేతితో తడిమితేనే తెలుస్తుంది, ఒళ్ళంతా రంధ్రాలున్న రాయి అది. నీటిని పీల్చుకోవడంలో దానికి సాటి లేదు. మరి గోడ ఎట్లా పొడిగా ఉన్నది? మా పొరుగున ఉండిన ఒక పెద్దాయన, జీవితమంతా తాపీపనిలో గడిపినవాడు, చూరు వైపు వేలు చూపి ఊరుకున్నాడు. పెంకుల కప్పు గోడను దాటి మూడు అడుగులు ముందుకు వచ్చి ఉన్నది. వాన గోడను తాకితే గదా, గోడ తడవడానికి! మన పల్లెలలోని పెంకుటిళ్ళ మీద కూడ కనిపించే మంగుళూరు పెంకును బాసెల్ మిషన్ వారు 1865లో అక్కడ నెలకొల్పిన కర్మాగారంలో తయారుచేయ నారంభించారు. ఒక పెంకు అంచు మరొక పెంకు గాడిలో ఇమిడి, పైన పడిన నీరు లోనికి దిగకుండ చూరు దాకా జారిపోతుంది. ఆ పైన పడమటి గాలి జల్లును అడ్డంగా కొట్టే వైపున, జూన్ రాకముందే కొబ్బరాకు తడికలు వ్రేలాడదీసేవారు. ఇప్పుడు వాటి స్థానంలో నీలం రంగు ప్లాస్టిక్ పట్టాలు వచ్చాయి. కాంక్రీటు డాబాలు కట్టుకున్నవారు సైతం డాబాపై మరల రేకుల కప్పు వేసుకుంటున్నారు. చూడ్డానికి బాగుండదు, నిజమే. కాని కింది గదులలో నిద్రపట్టేది ఆ రేకుల పుణ్యాననే.

ఇక మా ఇంటి సంగతి. విశాఖపట్నంలోని ఆ ఇల్లు మా నాన్నగారు 1979లో తమ భవిష్యనిధి సొమ్ముతో కట్టించినది. కిటికీల మీద చిన్న సజ్జలు తప్ప గోడలకు వేరే నీడ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 170 కిలోమీటర్లకు మించిన గాలితో ఊరి మీద పడినప్పుడు వాన నిలువుగా గాక అడ్డంగా కురిసింది. మా తూర్పు గోడ గంటల తరబడి ఆ దెబ్బ తిన్నది. ఆ మరుసటి ఏడాది ఒక కాంట్రాక్టరు వచ్చి, తడి ఆరని ఆ గోడకు రబ్బరు వంటి పూత దళసరిగా పూసి, పదేళ్ళ దాకా చూసుకోనక్కరలేదని నోటిమాటగా హామీ ఇచ్చి వెళ్ళాడు. రెండు వర్షాకాలాలు తిరిగేసరికి గోడ నిండా బొబ్బలు. ఒక బొబ్బను మేకుతో గుచ్చితే నీరు ధారగా కారింది. బయటి నీటిని లోనికి రానీయకుండా పూసిన పూత, సన్నని పగుళ్ళ గుండా చేరిన నీటిని బయటికి పోనీయక బంధించినది. ఎండకు ఆ నీరు ఆవిరై పూతను ఉబ్బించినది, మిగిలినది లోపలి గదిలోకి ఊరినది.

ఆ లోపలి గది మా అమ్మది. ఆమెకు అప్పటికి 80 దాటాయి, ఆయాసం ఉన్నది. డాక్టరు గది మార్చమన్నారు. "మీ నాన్నగారు పోయిన గదిరా ఇది, నేను వదలను" అన్నది అమ్మ. తమ్ముడు ఇంటిని బిల్డరుకు ఇచ్చి ఫ్లాట్లు తీసుకుందామన్నాడు. అతని మాటలో తప్పు లేదు, అమ్మను రోజూ చూసుకుంటున్నది అతడే. 2017లో నేను తిరిగి విశాఖకు రాగానే ఒక్క వేసవి గడువు అడిగాను.

మొదట చేసినది ఖర్చులేని పరీక్ష. లోపలి గోడకు మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచాము. కాగితానికి గది వైపున నీటిబిందువులు చేరితే అది గదిలోని గాలి చెమ్మ. గోడ వైపున చేరితే నీరు గోడలోనే ఉన్నట్లు. మాకు గోడ వైపుననే చేరాయి. ఆ తరువాత వాన పడుతుండగా గొడుగు వేసుకొని ఇంటి చుట్టూ తిరిగాను. పాఠక మిత్రులు ఎవరైనా రంగు డబ్బా కొనే ముందు ఈ పని తప్పక చేయాలని నా మనవి. పిట్టగోడ పైభాగం చదునుగా ఉండి నీరు నిలుస్తున్నది. సజ్జ అడుగున గాడి లేనందున నీరు అంచు నుండి క్రిందికి పడక, వెనుకకు పాకి గోడనే తడుపుతున్నది. డాబా తూము గొట్టం గోడను దాటి రెండు అంగుళాలే వచ్చి ఉన్నది. పై అద్దెవారి ఏసీ గొట్టం సరేసరి, వేసవిలో కూడ గోడకు స్నానం తప్పదు.

అన్నింటికంటె కష్టమైనది అమ్మ మల్లెపొద. దాని కుదురు కోసం ఏళ్ళ తరబడి పోసిన మట్టి పునాది మట్టానికి పైగా లేచి గోడను ఆనుకొని ఉన్నది. దానిని తీయడానికి అమ్మ వారం రోజులు ఒప్పుకోలేదు.

ఫిబ్రవరిలో పూతను, దాని కింది ప్లాస్టరును ఇటుక దాకా చెక్కించి, మే నెలాఖరు వరకు గోడను అట్లే వదిలివేశాము. తొమ్మిదంగుళాల గోడ నీరు త్రాగితే ఆరడానికి నెలలు పడుతుంది. తేలిన తెల్లని ఉప్పును నీటితో కడగనీయక పొడి బ్రష్షుతోనే దులిపించాము. కడిగితే అది కరిగి తిరిగి గోడలోనికే పోతుంది. తరువాత ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ళు ఇసుక కలిపి ప్లాస్టరు చేయించాము. సున్నం కలిసిన గోడ నీటిని కొంత పీల్చినా తిరిగి విడిచిపెడుతుంది. పిట్టగోడ పైభాగానికి డాబా వైపు వాలు ఇచ్చాము, సజ్జల కింద అరంగుళం గాడి తీయించాము, తూము నీటిని గొట్టంతో నేల దాకా దింపాము. చివరగా తూర్పు గోడ పొడుగునా ఇనుప చట్రంపై రెండున్నర అడుగుల పెంకుల చూరు. మంగుళూరులో తడికలు పడమటి వైపున ఉంటే, ఇక్కడ తుఫాను జల్లు కొట్టేది తూర్పు, ఈశాన్యాల నుండి. గాలికి లేవకుండా ప్రతి పెంకునూ తీగతో కట్టించాము. డాబా ఇంటికి పెంకుల చూరేమిటని తమ్ముడు నవ్వాడు.

రంగు ఆ ఏడు వేయించనే లేదు. వానలు వెళ్ళి, గోడ లోపల పొడిగా ఉన్నదని చూసుకున్న తరువాత సిమెంటు రంగు వేయించాము. అమ్మ ఆ గదిలోనే పడుకుంటున్నది. ఆయాసం పోలేదుగాని, రాత్రుళ్ళు లేచి కూర్చోవడం తగ్గింది. బిల్డరు మాట తమ్ముడు మళ్ళీ ఎత్తలేదు. ఈశాన్య మూలన మాత్రం అప్పుడప్పుడు మరక కనిపిస్తుంది. పక్కింటివారి ట్యాంకు పొంగి మా గోడపై పడడమే దానికి కారణం. వారితో సంప్రదింపులు జరుగుతున్నవి.